ఒక్క స్టార్ పడితే 4.8 కాస్తా 2.9 ఎలా అయింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో స్టార్ రేటింగ్ మీద అడిగినవే ఎక్కువున్నాయి, పచ్చళ్ళ సైట్ దగ్గర్నుంచి కాలేజీ ప్రాజెక్ట్ దాకా, అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఇవన్నీ ఒక్కచోటే తీసుకున్నా. ఐదు బొమ్మలే కదా, ఒక పూట పని అనుకుని మొదలుపెట్టేవాళ్ళే అందరూ. కానీ ఆ బొమ్మ నొక్కిన ప్రతి మనిషీ డబ్బు పెట్టి కొనో, టైమ్ పెట్టి చదివో తన మాట ఒకటి చెప్పి వెళ్ళారు, ఆ మాట మన డేటాబేస్‌లో చెక్కుచెదరకుండా ఉండాలి, నాకు ఈ ఫీచర్‌లో అన్నిటికంటే ముఖ్యం అదే. కింద జవాబులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ప్ర: మాది రాజమండ్రి. అమ్మ పెట్టే పచ్చళ్ళు ఆన్‌లైన్‌లో అమ్ముతాం, సైట్ నేనే పీహెచ్‌పీ, మై ఎస్‌క్యూఎల్‌తో రాసుకున్నా. ఈమధ్యే ప్రతి పచ్చడి కింద ఐదు స్టార్లు పెట్టాను, ప్రోడక్ట్స్ టేబుల్‌లో రేటింగ్ అని ఒక కాలమ్ చేర్చి అందులో యావరేజ్ దాస్తున్నా. మాగాయకి వంద మంది దాకా రేటింగ్ ఇచ్చారు, 4.8 ఉండేది. మొన్న రాత్రి ఎవరో ఒక్కరు 1 స్టార్ ఇచ్చారు, పొద్దున లేచి చూస్తే 2.9! ఆర్డర్లు కూడా తగ్గాయి. అమ్మ ఈసారి ఉప్పు ఎక్కువైందేమో అని ఒకటే బాధ. ఎవరైనా హ్యాక్ చేశారంటారా?

జ: ముందు అమ్మగారికి చెప్పండి, ఉప్పు సరిగ్గానే ఉంది, తప్పు కోడ్‌లో ఉంది. హ్యాకింగ్ కూడా కాదు. మీరు కోడ్ పంపకపోయినా ఆ రెండు నెంబర్లు చూస్తే తెలిసిపోతోంది, 4.8కి 1 కలిపితే 5.8, అందులో సగం 2.9. అంటే కొత్త రేటింగ్ వచ్చిన ప్రతిసారీ పాత యావరేజ్‌కి దాన్ని కలిపి రెండుతో భాగిస్తున్నారు. అలా చేస్తే వంద మందినీ కలిపి ఒక మనిషి కింద లెక్కేసి, చివర వచ్చినాయన్ని ఇంకో మనిషి కింద లెక్కేసినట్టు, ఇద్దరికీ చెరి సగం. నిజంగా వంద మంది సగటు 4.8 అయ్యుంటే మొత్తం 480, దానికి 1 కలిపితే 481, 101తో భాగిస్తే 4.76 రావాలి, అంటే ఎవరికీ తేడా కూడా కనబడకూడదు.

ఇంకో సంగతి ఉంది, ఇది వినడానికి కాస్త కష్టంగా ఉంటుంది. ఆ పాత 4.8 కూడా నిజం కాదు. అదీ ఇదే లెక్కలోంచి వచ్చింది కదా, ఈ లెక్కలో చివరి ఓటుకి సగం, దాని ముందు దానికి పావు, దాని ముందు దానికి అరపావు, అంటే చివరి ముగ్గురి మాటే దాదాపు 87 శాతం, మొదట్లో ఇచ్చిన తొంభై ఏడు మందికీ కలిపి మిగిలింది దాదాపు 13 శాతమే. రేపు ఇంకో ఇద్దరు 5 ఇస్తే 2.9 కాస్తా 3.95 అయ్యి, వెంటనే 4.5 దగ్గరికి వచ్చేస్తుంది చూడండి. మీరేమో అమ్మయ్య కోలుకుంది అనుకుంటారు, కానీ ఆ నెంబర్‌కి అర్థమే లేదు, పైకీ కిందకీ ఊగుతుందంతే.

కాబట్టి యావరేజ్ దాచడం మానేసి ఓట్లు దాచండి. రేటింగ్స్ అని వేరే టేబుల్ పెట్టండి, అందులో ఎవరు ఇచ్చారు, దేనికి ఇచ్చారు, ఎన్ని స్టార్లు, ఎప్పుడు, ఈ నాలుగు చాలు. యూజర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ రెండూ కలిపి ఒక యూనిక్ కీ పెట్టండి, ఇది మాత్రం మర్చిపోవద్దు, ఒకే మనిషి ఒకే పచ్చడికి రెండు ఓట్లు వేయకుండా ఆపేది అదొక్కటే. పీహెచ్‌పీలో ముందు చెక్ చేసి తర్వాత ఇన్‌సర్ట్ చేస్తాలే అనుకోకండి, నెట్ స్లోగా ఉండి కస్టమర్ రెండుసార్లు నొక్కితే ఆ రెండు రిక్వెస్టులూ ఒకేసారి వస్తాయి, రెండిటికీ ఇంతకుముందు ఓటు లేదు అనే జవాబు వస్తుంది, రెండూ ఎక్కుతాయి. డేటాబేస్‌లో యూనిక్ కీ ఉంటే రెండోది లోపలికి రాదు.

మరి మనసు మార్చుకుని రేటింగ్ మార్చాలంటే? మై ఎస్‌క్యూఎల్‌లో ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ అని ఉంది, పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్ళకి 9.5 వెర్షన్ నుంచి ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్ అని ఉంది. ఓటు లేకపోతే కొత్తగా రాస్తుంది, ఉంటే ఉన్నదాన్నే మారుస్తుంది, ఒకే స్టేట్‌మెంట్‌లో పని అయిపోతుంది. ఇది మీ వ్యాపారంలో ఎంత అవసరమో చూడండి. ఐదుగురు ఇచ్చారనుకోండి, 5, 4, 4, 2, 5, మొత్తం 20, యావరేజ్ 4.0. ఆ 2 ఇచ్చినామెకి సీసా మూత లూజై దారిలో నూనె కారిపోయింది, మీరు ఫోన్ చేసి సారీ చెప్పి ఇంకో సీసా పంపారు, ఆమె సంతోషపడి 2ని 4 చేసింది. ఇప్పుడు మొత్తం 22, ఐదుతో భాగిస్తే 4.4. అదే ఆమె పాత ఓటు ఏదో మీ దగ్గర లేదనుకోండి, ఈ 4ని ఆరో మనిషి కింద కలుపుతారు, 24ని ఆరుతో భాగిస్తే మళ్ళీ అదే 4.0. మీరు సీసా పంపినా, ఆమె క్షమించినా, నెంబర్ కదల్లేదు.

1 నుంచి 5 మధ్యే ఉండాలని డేటాబేస్‌లో చెక్ కూడా పెట్టండి, సర్వర్ కోడ్‌లోనూ చూడండి. పేజీలో ఐదు స్టార్లే ఉన్నాయి కదా ఇంకేం పంపుతారు అనుకోవద్దు, బ్రౌజర్ లేకుండా నేరుగా సర్వర్‌కి 500 అని పంపడం తెలిసినవాడికి ఒక్క లైను పని. ఇక్కడ ఒక జాగ్రత్త, మై ఎస్‌క్యూఎల్ 8.0.16 కంటే పాతదైతే చెక్ అని రాసినా ఎర్రర్ ఇవ్వకుండా తీసుకుంటుంది గానీ పట్టించుకోదు. తక్కువ రేటు షేర్డ్ హోస్టింగుల్లో ఇంకా 5.7 నడుస్తున్నవి చూశాను, వెర్షన్ ఒకసారి చూసుకోండి.

ఇక పోయిన ఓట్లు. యావరేజ్ ఒక్కటే దాచారు కాబట్టి డేటాబేస్‌లోంచి వెనక్కి రావు. కానీ ఒక ఆశ ఉంది. స్టార్‌ని మామూలు లింక్‌లా పెట్టి, ప్రోడక్ట్ నెంబరూ స్టార్ల సంఖ్యా అడ్రస్‌లోనే పంపుతుంటే గనక అవన్నీ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో (ఏ అడ్రస్ ఎప్పుడు తెరిచారో సర్వర్ రాసుకునే చిట్టా) లైను లైనుగా పడి ఉంటాయి. వెంటనే ఆ లాగ్‌లు కాపీ చేసుకోండి, చాలా ఉబుంటు సర్వర్లలో 14 రోజుల పాతవి వాటంతట అవే పోతాయి, షేర్డ్ హోస్టింగ్ అయితే ఇంకా ముందే పోవచ్చు. దొరికినవి తీసుకుని కొత్త టేబుల్‌లో ఎక్కించండి, ఎవరిచ్చారో తేలని వాటిని ఎక్కించకండి.

ఆ తర్వాత ఆ లింక్ పద్ధతి మాత్రం తీసేయండి. అడ్రస్ ఓపెన్ చేస్తే చాలు ఓటు పడిపోయేలా ఉంటే గూగుల్ బాట్ వచ్చి పేజీలో లింకులన్నీ ఓపెన్ చేసినప్పుడు అది కూడా ఓటేస్తుంది, 1 నుంచి 5 దాకా అన్నీ. ఫామ్ పెట్టి పోస్ట్‌తో పంపండి, దాంతోపాటు సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫామ్ మీ పేజీలోంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు) కూడా, లేకపోతే వేరే సైట్‌లో ఉన్న బటన్ నొక్కితే మీ కస్టమర్ పేరుమీద ఇక్కడ ఓటు పడే వీలుంటుంది.

లాగ్‌లో ఏమీ దొరక్కపోతే సున్నా నుంచి మొదలుపెట్టండి, పాత కస్టమర్లకి వాట్సాప్‌లో ఉన్నమాట చెప్పండి, మా సైట్‌లో లెక్క తప్పింది, మీ రేటింగ్ పోయింది, దయచేసి మళ్ళీ ఇవ్వండి అని. మాగాయ నచ్చినవాళ్ళు తప్పకుండా ఇస్తారు.

ప్ర: తిరుపతిలో హోమ్ ట్యూటర్ల సైట్ నడుపుతున్నాం. రేటింగ్ ఎక్కువున్నవాళ్ళు పైన వచ్చేలా పెట్టాం. నిన్న చేరిన ఒకాయనకి ఇద్దరు పిల్లలు 5 ఇచ్చేసరికి ఆయన మొదటి స్థానంలోకి వచ్చేశారు, రెండు వందల మంది దగ్గర 4.6 తెచ్చుకున్న మేడమ్ కిందకి పోయారు. ఆవిడ అలిగారు. ఆవిడ అలగడంలో న్యాయం ఉందనే మాకూ అనిపిస్తోంది.

జ: న్యాయం పూర్తిగా ఆవిడ వైపే ఉంది. ఇద్దరు చెప్పిన 5కీ రెండు వందల మంది చెప్పిన 4.6కీ ఒకే బరువు వేస్తున్నారు మీరు. దీనికి చాలా కాలంగా వాడుతున్న ఒక పద్ధతి ఉంది, ఐఎండీబీ వాళ్ళ టాప్ 250 సినిమాల లిస్ట్ వెనకాల ఉన్నది కూడా అదే, కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందుగా కొన్ని మామూలు ఓట్లు వేసినట్టు ఊహించుకుని లెక్క మొదలుపెట్టడం.

మీ సైట్‌లో మొత్తం ట్యూటర్లందరి యావరేజ్ 4.1 అనుకుందాం. ప్రతి ట్యూటర్‌కీ 4.1 చొప్పున పది ఊహ ఓట్లు కలపండి, అంటే 41. కొత్తాయనకి అసలు ఓట్లు రెండు, మొత్తం 10, దానికి 41 కలిపితే 51, పన్నెండుతో భాగిస్తే 4.25. మేడమ్‌కి 200 ఓట్లు, మొత్తం 920, దానికి 41 కలిపితే 961, 210తో భాగిస్తే 4.58. మేడమ్ పైన, కొత్తాయన కింద, కానీ ఆయన మరీ అడుక్కి పోలేదు, ఇంకో ఇరవై మంది బాగా చెబితే తనంతట తనే పైకి వస్తారు. ఆ పది అనేది మీ ఇష్టం, మీ దగ్గర ఓట్లు తక్కువగా వస్తుంటే అయిదు పెట్టుకోండి. ఐఎండీబీ టాప్ 250కి పెట్టుకున్నది 25,000 ఓట్లు, ఆ స్థాయి వాళ్ళది.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ 4.25 వరస పెట్టడానికి మాత్రమే. ఆయన పేరు పక్కన చూపించాల్సింది ఆయనకి నిజంగా వచ్చిన 5.0, దాని పక్కనే ‘ఇద్దరు ఇచ్చారు’ అని కూడా రాయాలి. ఎంతమంది ఇచ్చారో చెప్పని యావరేజ్ సగం సమాచారమే. నన్నడిగితే అయిదుగురు ఇచ్చేదాకా నెంబరే చూపించకుండా ‘ఇంకా తగినన్ని రేటింగ్‌లు రాలేదు’ అని రాయడం మంచిది. అసలు ఎవరూ ఇవ్వనివాళ్ళకి 0.0 అని అయిదు ఖాళీ స్టార్లు మాత్రం చూపించకండి, చూసేవాళ్ళు ఘోరంగా చెబుతారేమో అనుకుంటారు పాపం.

ప్ర: నేను భీమవరంలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నానండి. మా ప్రాజెక్ట్‌లో స్టార్లు ఐదు డివ్‌లు పెట్టి జావాస్క్రిప్ట్‌తో క్లిక్ చేస్తే పసుపు రంగు వచ్చేలా చేశాం, చాలా బాగా వచ్చింది. కానీ మా గైడ్ మేడమ్ మౌస్ పక్కన పెట్టి ఇప్పుడు రేటింగ్ ఇవ్వండి అన్నారు, ఇవ్వలేకపోయాం. ఇంకోటి, ముందు 4, తర్వాత 5 ఇస్తే మొత్తం 9 రావాల్సింది 045 అని వస్తోంది.

జ: మీ మేడమ్‌కి నా తరఫున నమస్కారం చెప్పమ్మా, అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

చిన్నది ముందు చెప్పేస్తా. పేజీలోంచి వచ్చిన విలువ ఎప్పుడూ అక్షరాలుగానే వస్తుంది, నీకది 4లా కనబడినా జావాస్క్రిప్ట్‌కి అది టెక్స్ట్. 0కి టెక్స్ట్ 4 కలిపితే 04, దానికి 5 కలిపితే 045. నంబర్‌గా మార్చి కలుపు, అయిపోతుంది.

ఇప్పుడు పెద్దది. నాకు చూపు లేని స్నేహితుడు ఒకడున్నాడు, ఫోన్ టాక్‌బ్యాక్ పెట్టుకుని వాడతాడు, వేలు తగిలిన చోట ఏముందో ఫోన్ చదివి చెబుతుంది. ఒకసారి తను తెప్పించుకున్న చెప్పులకి రేటింగ్ ఇద్దామని కూర్చున్నాడు, నేను పక్కనే ఉన్నా. వేలు స్టార్ల మీదకి పోగానే ఫోన్ ఇమేజ్ అంది, జరిపితే మళ్ళీ ఇమేజ్, మళ్ళీ ఇమేజ్, అలా ఐదుసార్లు. ఏది ఒకటో ఏది ఐదో తెలీదు, నొక్కితే పడిందో లేదో తెలీదు. రెండు నిమిషాలు చూసి ఫోన్ నా చేతికిచ్చి ‘నువ్వు నొక్కరా, నాలుగు’ అన్నాడు. తన డబ్బుతో కొన్న చెప్పులకి తన రేటింగ్ తను ఇచ్చుకోలేకపోయాడు. అప్పట్నుంచి ఎవరు స్టార్లు చూపించినా నేను ముందు చూసేది ఇదే.

దీనికి మందు చాలా పాతది, రేడియో బటన్లు. ఐదిట్లో ఒకటే ఎంచుకోవాలి, అది రేడియో బటన్ చేసే పనే కదా. ఫీల్డ్‌సెట్‌లో ఐదు రేడియోలు, పైన లెజెండ్‌లో ‘ఈ వస్తువుకి మీ రేటింగ్’, ఒక్కోదానికి లేబుల్ ‘1 స్టార్’, ‘2 స్టార్లు’ అలా. గుండ్రటి బటన్‌ని కంటికి కనబడకుండా చేసి లేబుల్ మీద స్టార్ బొమ్మ పెట్టు, కానీ డిస్‌ప్లే నన్ అని మాత్రం పెట్టకు, అలా పెడితే కీబోర్డ్‌కీ స్క్రీన్ రీడర్‌కీ కూడా మాయమైపోతుంది. ఇలా చేస్తే ట్యాబ్ కొట్టి లోపలికి వచ్చి యారో కీలతో మార్చుకోవచ్చు, జావాస్క్రిప్ట్ లోడ్ కాకపోయినా ఫామ్ పనిచేస్తుంది.

నెట్‌లో వెతికితే స్టార్లని హెచ్‌టీఎమ్ఎల్‌లో 5 నుంచి 1కి తిరగేసి రాసి సీఎస్ఎస్‌తో మళ్ళీ తిప్పి చూపించే ట్రిక్ ఒకటి దొరుకుతుంది, దాన్ని కాపీ కొట్టొద్దు. అందులో కుడి యారో నొక్కితే స్టార్లు తగ్గుతాయి, ఎడమ నొక్కితే పెరుగుతాయి. ఎంచుకున్నదానికి ముందున్న స్టార్లకి రంగేయడం సీఎస్ఎస్‌కి చేతకాని రోజుల్లో పుట్టిన ట్రిక్ అది. ఇప్పుడు హ్యాజ్ అనే సెలెక్టర్ ఉంది, 2023 డిసెంబర్‌లో ఫైర్‌ఫాక్స్‌కి కూడా వచ్చేసింది, దాంతో 1 నుంచి 5 వరసలోనే రాసుకుని రంగు వేసుకోవచ్చు.

రంగు గురించి కూడా. తెల్ల పేజీ మీద బంగారు పసుపు కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగు తేడా) 1.4 మాత్రమే ఉంటుంది, వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల ప్రకారం ఇలాంటి బొమ్మలకి కనీసం 3 ఉండాలి. ఎండలో బస్టాప్‌లో నిలబడి ఫోన్ చూసేవాళ్ళకి ఏది నిండిందో ఏది ఖాళీయో తేడా కనబడదు. పసుపే కావాలంటే ఉంచుకో, చుట్టూ ముదురు రంగు అంచు గియ్యి, ఖాళీ స్టార్‌కి అంచు ఒక్కటే ఉంచు, పక్కన ‘5కి 4’ అని అక్షరాల్లో కూడా రాయి. స్టార్ సైజు వేలికి సరిపోవాలి, నియమం కనీసం 24 పిక్సెల్స్ అంటుంది గానీ ఫోన్‌లో 44 ఉంటేనే హాయిగా ఉంటుంది. హోవర్ (మౌస్ పైకి తెస్తే జరిగేది) మీద ఆధారపడి ఏదీ పెట్టకు, ఫోన్‌లో హోవర్ ఉండదు.

యావరేజ్ చూపించే స్టార్లు వేరు, ఓటేసే స్టార్లు వేరు, రెండూ ఒకటే చేసేయకు. చూపించేటప్పుడు ఖాళీ స్టార్ల మీద నిండు స్టార్ల పొర పెట్టి వెడల్పు కత్తిరిస్తే చాలు, 4.3 అయితే 86 శాతం.

ప్ర: అన్నా, మాది కరీంనగర్, ఫ్రీలాన్సింగ్ చేస్తున్న. ఒక హాస్పిటల్ సైట్ చేస్తుంటే క్లయింట్ ఏమంటుండంటే, లాంచ్ అయ్యే నాటికే యాభై 5 స్టార్లు ఉండాలె, 1, 2 స్టార్లు వస్తే కనిపించకుండ చేయాలె, గూగుల్‌ల కూడా స్టార్లు రావాలె అంటుండు. పైసలు మంచిగనే ఇస్తుండు. చేయాల్నా వద్దా?

జ: వద్దు తమ్ముడూ. చేయకు. వద్దు అని ఆయనకి ఎలా చెప్పాలో కూడా చెబుతా.

హాస్పిటల్ అంటే ఒక తల్లి పిల్లాడికి జ్వరమొచ్చి అర్ధరాత్రి ఫోన్‌లో వెతుక్కుంటూ ఆ స్టార్లు చూసి బయల్దేరే చోటు. పచ్చడి బాగోకపోతే సీసా పక్కన పెడతాం, ఇది అలా కాదు. లేని యాభై మందిని పుట్టిస్తే ఆ కోడ్ రాసింది నువ్వే అవుతావు.

క్లయింట్‌కి మాత్రం పనికొచ్చే కారణాలు చెప్పు. ఒకటి, మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వాళ్ళు 2022 నవంబర్‌లో ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చారు, రివ్యూ రాసింది నిజం మనిషేనా అని చూడాలి, మంచివి మాత్రమే ఏరి చూపించకూడదు అనే ధోరణిలోనే ఉంటుంది అదంతా. తెచ్చినప్పుడు అది స్వచ్ఛందం, నిజమే, కానీ జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రచారాన్ని అన్యాయమైన వ్యాపార పద్ధతి కింద చూసే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఎలాగూ ఉంది. అమెరికాలో అయితే ఫేక్ రివ్యూలకి జరిమానా వేసే నిబంధనే 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది, అక్కడి క్లయింట్లకి చేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రెండోది ఆయన్ని నిజంగా ఆపేది. గూగుల్‌లో స్టార్లు రావు. తన సంస్థ గురించి తన సైట్‌లోనే తను పెట్టుకున్న రేటింగ్‌లకి గూగుల్ 2019 సెప్టెంబర్ నుంచి సెర్చ్‌లో స్టార్లు చూపించడం మానేసింది, లోకల్ బిజినెస్, ఆర్గనైజేషన్ అనే రకాలకి. హాస్పిటల్ ఆ కోవలోకే వస్తుంది. కోడ్‌లో ఎంత స్కీమా మార్కప్ (పేజీలో రేటింగ్ ఏదో సెర్చ్‌కి చెప్పే గుర్తులు) పెట్టినా లాభం లేదు. పచ్చళ్ళ లాంటి ప్రోడక్ట్‌లకి మాత్రం ఇంకా వస్తాయి, రాజమండ్రి వాళ్ళు వాడుకోవచ్చు.

దానికి బదులు నువ్వు ఇది చేస్తానను. అపాయింట్‌మెంట్ తీసుకుని నిజంగా వచ్చి చూపించుకున్నవాళ్ళకే ఒక ఎస్ఎమ్ఎస్ లింక్ వెళ్తుంది, ఒక విజిట్‌కి ఒక్క రేటింగ్, ఏ జబ్బుకి వచ్చారు, ఎవరు వచ్చారు అనేది బయట ఎక్కడా కనబడదు. ప్రతి రేటింగ్ కింద హాస్పిటల్ జవాబు రాసుకునే చోటు ఉంటుంది. బూతులుంటేనో ఎవరి ఫోన్ నెంబరో రాస్తేనో దాచే బటన్ ఉంటుంది, స్టార్లు తక్కువని దాచే బటన్ ఉండదు. దాచినప్పుడు కూడా డిలీట్ చేయకు, ఎవరు ఎప్పుడు ఎందుకు దాచారో రాసిపెట్టు. నాకు తెలిసి 1 స్టార్ కింద ‘మీరు చెప్పింది నిజం, ఆ రోజు లేట్ చేశాం, ఇప్పుడు టోకెన్ పద్ధతి మార్చాం’ అని రాసిన చోటికి జనం ధైర్యంగా వెళ్తారు.

అప్పటికీ వినకపోతే ఆ ఒక్క ఫీచర్ నేను చేయను, మిగతా సైట్ చేసిస్తా అని చెప్పు. పైసలు తగ్గొచ్చు, తగ్గనీ.

ప్ర: డల్లాస్ నుంచి రాస్తున్నాం. మా తెలుగు సంఘం వాళ్ళం కథల వెబ్ పత్రిక పెట్టాం, కథ కింద 5 స్టార్లు ఉన్నాయి, లాగిన్ లేదు. ఒకళ్ళే పదిసార్లు ఓటేయకుండా ఐపీ అడ్రస్ చూసి ఆపాం. ఇప్పుడు ఇండియా నుంచి చదివేవాళ్ళు మాకు ఓటు పడట్లేదని రాస్తున్నారు.

జ: ఐపీ అంటే నెట్ కనెక్షన్ అడ్రస్, మనిషి కాదండి. ఐపీవీ4 అడ్రసులు సరిపోక మొబైల్ కంపెనీలు ఎంతోమందిని ఒకే అడ్రస్ వెనక నుంచి బయటికి పంపుతాయి, కాలేజీ హాస్టల్ వైఫై కూడా అంతే. హాస్టల్లో ఒకమ్మాయి ఓటేస్తే మిగతా రెండు వందల మందికీ మీరు ఓటేసేశారు అని వస్తుంది. పోనీ కుకీ పెడదామంటే బ్రౌజర్ మారిస్తే పోతుంది. పక్కాగా ఒక మనిషికి ఒక ఓటు కావాలంటే ఈమెయిల్‌తో అయినా లాగిన్ ఉండాలి, వేరే దారి లేదు.

కానీ నేనొకటి అడుగుతా, కథకి ఐదు స్టార్లు ఎందుకు? మూడు స్టార్ల కథ అంటే ఏంటి? యూట్యూబ్‌లో కూడా మొదట ఐదు స్టార్లే ఉండేవి, 2009లో వాళ్ళే లెక్క చూసి చెప్పారు, వీడియోలకి పడేవి దాదాపు అన్నీ ఐదులే, మధ్యలోవి ఎవరూ వాడట్లేదని, 2010లో లైక్, డిస్‌లైక్ పెట్టేశారు. నెట్‌ఫ్లిక్స్ 2017లో స్టార్లు తీసేసి బొటనవేలు పెట్టింది. మీ పత్రికకి ‘నచ్చింది’ అనే ఒక్క బటన్ చాలు, కుకీతో ఆపండి, ఒకరిద్దరు రెండుసార్లు నొక్కితే నొక్కనీయండి, అక్కడ బహుమతులేం లేవు కదా. కొత్తగా రాసేవాళ్ళకి మొదటి కథకే 2.3 అని కనబడితే రెండో కథ పంపరు. నాకు అదే ఎక్కువ బాధ.

ప్ర: హైదరాబాద్‌లో డాట్ నెట్ మీద పనిచేస్తున్నాను. మా యాప్‌లో ఏ ప్రోడక్ట్ చూసినా 4.0, 3.0 అనే వస్తోంది, పాయింట్ తర్వాత ఎప్పుడూ సున్నాయే. ఓట్లు సరిగ్గానే ఉన్నాయి.

జ: ఎస్‌క్యూఎల్ సర్వర్ కదా? అందులో ఇంటీజర్ (పూర్ణాంకాల) కాలమ్ మీద ఏవీజీ, అంటే యావరేజ్ తీసే ఫంక్షన్, వేస్తే జవాబు కూడా ఇంటీజరే ఇస్తుంది, పాయింట్ తర్వాతది కోసేస్తుంది. 5, 5, 4 ఇస్తే 4.67 రావాలి, మీకు 4 వస్తోంది. కాలమ్‌ని డెసిమల్‌కి మార్చి అప్పుడు ఏవీజీ వేయండి. పోస్ట్‌గ్రెస్, మై ఎస్‌క్యూఎల్‌లో ఏవీజీకి ఈ తంటా లేదు, కానీ పోస్ట్‌గ్రెస్‌లో మొత్తాన్ని లెక్కతో మీరే భాగిస్తే అక్కడా ఇదే జరుగుతుంది. సరిచేశాక ఇంకోటి చూసుకోండి, 4.96ని రౌండ్ చేస్తే 5.0 అని వస్తుంది, ఒక్కరైనా తక్కువ ఇచ్చినప్పుడు 5.0 చూపించడం నాకు నచ్చదు, అక్కడ కిందకి దించి 4.9 అనండి.

ప్ర: రేటింగ్స్ వేరే టేబుల్‌లో పెట్టి ప్రతిసారీ యావరేజ్ లెక్కేస్తే సైట్ స్లో అవుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. మా దగ్గర 800 ఓట్లున్నాయి. – ఒంగోలు

జ: 800కి ఏమీ అవదు, ప్రోడక్ట్ ఐడీ మీద ఇండెక్స్ (డేటాబేస్ త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) పెట్టి నిశ్చింతగా ఉండండి. లక్షలు దాటాక ప్రోడక్ట్ టేబుల్‌లో మొత్తం స్టార్లు, ఎంతమంది అని రెండు కాలమ్‌లు పెట్టి, ఓటు రాసే ట్రాన్సాక్షన్‌లోనే (జరిగితే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పని) వాటినీ మార్చండి. కోడ్‌లోకి తెచ్చుకుని ఒకటి కలిపి మళ్ళీ రాయకండి, ఒకేసారి ఇద్దరు వస్తే ఒకరిది పోతుంది, డేటాబేస్‌నే ఉన్నదానికి కలపమనండి. రోజూ రాత్రి అసలు ఓట్లతో సరిచూసే చిన్న స్క్రిప్ట్ పెట్టండి, తేడా వస్తే అసలు ఓట్లదే నిజం.

ప్ర: మన తెలుగు సినిమా సైట్లలో 2.75, 3.25 అని ఇస్తారు కదా, మా రివ్యూ యాప్‌లో కూడా యూజర్లకి పావు స్టార్లు పెడదామనుకుంటున్నాం. – విజయవాడ

జ: అక్కడ రివ్యూ రాసేది ఒక్కరు, వందల సినిమాలు చూసి 2.75కీ 3కీ మధ్య తేడా తూచగలరు, చదివేవాళ్ళకి కూడా ఆ పావు ఏం చెబుతుందో తెలుసు. సినిమా హాల్లోంచి బయటికొస్తూ పార్కింగ్‌లో బండి కోసం నిలబడి నొక్కేవాళ్ళకి అంత ఓపిక ఉండదు, ఫోన్‌లో స్టార్‌లో పావు భాగం మీద వేలు పెట్టడమే కష్టం. నిండు స్టార్లు పెట్టండి, వంద మంది ఇస్తే ఆ పావులూ సగాలూ యావరేజ్‌లో వాటంతట అవే వస్తాయి. సగం స్టార్ తప్పదంటే పెట్టండి, కానీ దాచేటప్పుడు 3.5 అని కాకుండా 1 నుంచి 10 దాకా నిండు అంకెలుగా దాచి, చూపించేటప్పుడు రెండుతో భాగించండి. ఇప్పటికే 1 నుంచి 5 దాచేసి ఉంటే మార్చేముందు టేబుల్ మొత్తం బ్యాకప్ తీసుకుని, 1 నుంచి 5 దాకానే అని పెట్టిన చెక్ తీసేసి, ప్రతి ఓటునీ ఒక్కసారే, ఒకే ట్రాన్సాక్షన్‌లో రెట్టింపు చేసి, 1 నుంచి 10 అని చెక్ మళ్ళీ పెట్టండి, ఆ పది నిమిషాలూ కొత్త ఓట్లు రాకుండా బటన్ ఆపేయండి, లేకపోతే మధ్యలో పడిన 4 అంటే నాలుగు స్టార్లో రెండు స్టార్లో తర్వాత చెప్పలేరు.